తారమునకు హద్దు

పద్యమెత్తుకొన్న గాయకుడు మంద్రమున మెల్లగా ఆరంభించి, తారస్థాయి కెక్కిన తరుణమున గొంతు విప్పి పాడుట ఎదుట కూర్చున్నవారికి ఆనందహేతువే కాని, మైకు ముందర ఆ రెంటి నడిమి అంతరము రికార్డింగు చేయువానికి పెద్ద చిక్కు. మంద్రమును బట్టి మట్టము పెంచినచో తారమున ధ్వని పగులును, తారమును బట్టి తగ్గించినచో మంద్రములోని మాట వాద్యముల క్రింద మునిగిపోవును. ఫేడరు మీద వ్రేలుంచి, పాటతోపాటు దానిని ఎక్కించుచు దించుచుండు ఇంజనీరు పనిని విద్యుత్పథమున కప్పగించినదే కంప్రెసర్.

1967 ప్రాంతమున అమెరికాలో బిల్ పుట్నమ్ రూపొందించిన 1176 వంటి ప్రసిద్ధ యంత్రములు చిరకాలము పెద్ద స్టూడియోల సొత్తు. తరువాత టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరము నుండి ఎఫ్.ఎం.ఆర్. ఆడియో వారు సుమారు 200 డాలర్లకే ఒక చిన్న నల్లపెట్టెను తెచ్చి, దానికి 'రియల్లీ నైస్ కంప్రెసర్' అని నామకరణము చేసిరి. పేరులోని ఆత్మస్తుతిని మన్నింపవచ్చును. పెట్టె అందుకు తగినదే.

దాని నడక సులభగ్రాహ్యము. థ్రెషోల్డ్ అను హద్దు దాటినంతవరకే ధ్వని తగ్గును; రేషియో 4:1 అయినచో, హద్దును 8 డెసిబెల్స్ మించి వచ్చినది 2 డెసిబెల్స్ మాత్రమే మించి బయటికి పోవును. అసలు నేర్పంతయు, అదుము ఎంత వేగముగా మొదలగునో, ఎంత వేగముగా విడుచునో నిర్ణయించు అటాక్, రిలీజ్ అను రెండు గుండీలలో ఉన్నది. అటాక్ అతిశీఘ్రమైనచో మృదంగముపై పడిన దెబ్బలోని తొలి పదును, గాయకుని పరుషాక్షరముల మొన అణగిపోవును. కొన్ని మిల్లీసెకండ్లు ఆలస్యము చేసినచో ఆ మొన నిలిచి, వెనుక వచ్చు నాదము మాత్రమే అదుపులోనికి వచ్చును. రిలీజ్ మరీ తొందరైనచో ప్రతి విరామమునను ధ్వని ఉబ్బినట్లు వినబడును. ఆ నల్లపెట్టెలోని 'సూపర్ నైస్' మీట నొక్కినచో, ఒక్కసారిగా అదుమక, వరుస దశలలో కొంచెము కొంచెముగా తగ్గించును. గాత్రమునకు నాకు రుచించునది అదియే.

24 బిట్ల డిజిటల్ రికార్డింగు వచ్చిన పిమ్మట తగినంత ఖాళీ విడిచి తక్కువ మట్టమున పాడించినను నష్టము లేదు, సాఫ్ట్‌వేర్ కంప్రెసర్లు ఉచితముగానే దొరకుచున్నవి. అయినను ఈ పెట్టెకు పని తీరలేదు. మైకు ప్రీఆంప్ తరువాత దీనిని చేర్చినచో, గాయకుడు తన అదుపైన గొంతును హెడ్‌ఫోనులో అప్పటికప్పుడే వినుచు, మంద్రమున మాట వినబడునో లేదో అను బెంగ విడిచి పాడును. అయితే రికార్డింగులో ఒకసారి అణగినది మరల లేవదు గనుక, సూచిక 2, 3 డెసిబెల్స్ తగ్గుదల చూపినంత చాలును.

తగ్గిన ధ్వనిని మరల పెంచు గెయిన్ గుండీ ఒక మాయలాడి. బిగ్గరైనదెల్ల బాగున్నట్లు చెవికి తోచును గనుక, యంత్రమున్నప్పుడును లేనప్పుడును మట్టము సమానము చేసి పోల్చవలెను. ఆ పెంపుతో గాత్రము మాత్రమే కాదు, గదిలోని సన్నని రొదయు పైకి వచ్చును. ఇంటిలో రికార్డింగు చేయువారు గుండీలను ముట్టకమునుపే ఫ్యాను ఆపుకొనుట మేలు.