పగ్గం, ముకుతాడు, గుదిబండ

‘ధరలకు పగ్గాలు వేయాలి’ అని తెలుగు పేపర్లో చదివే ఉంటారు. ‘పార్టీ పగ్గాలు ఫలానా ఆయన చేతికి’ అన్నదీ చూసి ఉంటారు. మొదటిచోట పగ్గం అంటే ఆపడం, రెండోచోట అధికారం. తాడు మాత్రం ఒకటే.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మెట్ట చేలల్లో ఎడ్లతో గుంటుక తోలే రైతును చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక చెయ్యి గుంటుక మీద, రెండో చేతిలో పగ్గాలు. ఎద్దు సాలు తప్పితే అటుపక్క కాస్త గుంజుతాడు, దారికి రాగానే వదులుతాడు. గుంజిపట్టుకునే ఉంటే ఎద్దు అడుగు వేయదు. పగ్గం వేయడమంటే ఆపేయడం కాదు, చెప్పిన దారిన నడిపించడం.

ముకుతాడు అంత మెత్తనిది కాదు. ముక్కు కుట్టి వేస్తారు గనక ‘వాడికి ముకుతాడు వేసేవాళ్ళు రావాలి’ అన్న మాటలో కొంచెం కసి ఉంటుంది, ముఖ్యంగా పెళ్ళి మాటలప్పుడు. చేలో పైరు మేయకుండా మూతికి కట్టేది చిక్కం. ఇది సామెతల్లోకి పెద్దగా ఎక్కలేదెందుకో. నోరు ఆగనివాళ్ళు మనలో తక్కువేం కాదే! ఇక కంచెలు దూకే గొడ్డు మెడలో వేలాడదీసే దుంగ గుదిబండ. పరుగెత్తబోతే కాళ్ళకు తగులుతుంది. మీ చదువు అప్పును ఇంట్లోవాళ్ళు ‘మెడకు గుదిబండ’ అంటే ఆ దుంగే.

పగ్గం లేకపోతే ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. మర్రిగూడ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగే నీళ్ళలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి గ్రానైటు నేలల్లో చాలాచోట్ల దాటింది, మనుషుల ఎముకలు వంకర్లు పోయాయి. మోట కొట్టే కాలంలో బావిలోంచి ఎంత తోడాలన్నా ఎడ్ల ఓపికే హద్దు. కరెంటు మోటార్లు వచ్చాక ఆ హద్దు పోయింది. బోర్లు లోతుకు దిగాయి. రాతి పొరల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో ఫ్లోరైడ్ తరచూ ఇంకా ఎక్కువ. బోర్లకు పగ్గం వేయాలని 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం తెచ్చారు, బోరు వేయాలంటే అనుమతి కావాలన్నారు. ఎండిపోయే చేను ముందు నిలబడ్డ రైతు బోరు బండిని పిలవకుండా ఏ చట్టం ఆపగలదు?

ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్ళు ఇళ్ళకొచ్చాయి, తాగడానికి. చేలకు మాత్రం ఎక్కువచోట్ల ఇంకా బోరే దిక్కు.