సరిహద్దు దాటితే మిగిలేదెంత?

ధర్మపురి: కుప్పం వైపు నుంచి కృష్ణగిరి మీదుగా ఇక్కడికి కూలికొచ్చే మనోళ్లకు బస్సెక్కే ముందే ఓ లెక్క ఉంటుంది. కూలి ఎంత అని కాదు, ఇంటికెళ్లేసరికి చేతిలో మిగిలేదెంత అని.

తమిళనాడులో కూలి ఎక్కువేగా అంటారు. నిజమే. 2025-26కు కేంద్రం ప్రకటించిన ఉపాధి హామీ కూలి ఆంధ్రలో రోజుకు 307 రూపాయలు, తమిళనాడులో 336, కర్ణాటకలో 370. ఈ పని సొంత పంచాయతీలో వాళ్లకే ఇస్తారు, పొరుగు రాష్ట్రం వాళ్లకు కాదు. తాపీ పనికి, తోట పనికి బయట పలికే కూలి వేరు. అయినా మూడు రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఇది పనికొస్తుంది.

ఆంధ్రకు, తమిళనాడుకు తేడా 29 రూపాయలు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఓ నిబంధన పెట్టారు. ఊరికి ఐదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే దారి ఖర్చులకు, తిండికి కూలిలో పదో వంతు అదనంగా ఇవ్వాలి. ఆంధ్ర కూలి మీద అది 30 రూపాయల 70 పైసలు. అంటే ఐదు కిలోమీటర్లకు చట్టం కట్టిన ఖర్చే, రాష్ట్రం దాటితే వచ్చే 29 కన్నా ఎక్కువ! ధర్మపురి నుంచి బెంగళూరు వెళ్లే తమిళ కూలీలదీ ఇదే కథ. అక్కడ అదనం 34, ఇక్కడి కూలిలో పదో వంతు 33 రూపాయల 60 పైసలు. సరికి సరి.

అసలు కనీస వేతనం లెక్క కట్టిందే ఇంటిపట్టున ఉండే కుటుంబానికి. 1957లో 15వ భారత కార్మిక మహాసభ మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపాలు, చిల్లర ఖర్చులకు 20 శాతం అంది. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లకు 25 శాతం చేర్చమంది. బస్సు టిక్కెట్టుకు విడిగా పద్దే లేదు. పొరుగూళ్లో పూట భోజనం, రాత్రి పడకా అంతే. అన్నీ ఆ చిల్లరలో సర్దుకోవాల్సిందే.

ఆడవాళ్లకు కాస్త నయం. 2021 మే నుంచి తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్ర పల్లెవెలుగుల్లో వాళ్లకు ఛార్జీ లేదు. రాష్ట్రం దాటే బస్సుకు మాత్రం ఆంధ్ర పథకం వర్తించదు. ఉన్న ఊళ్లో ఉచితం, పనికొచ్చే దారిలో టిక్కెట్టు!

అందుకే ఈసారి మేస్త్రీ పిలిస్తే కూలి ఒక్కటే అడక్కండి. బస్సు ఖర్చు ఎవరిది, మధ్యాహ్నం భోజనం ఉందా, రాత్రి మకాం ఎక్కడ అని కూడా బయల్దేరక ముందే అడగండి.