కిడ్నీ చెడితే గుండెకు సున్నం

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం పేరు చెప్పగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. కానీ కిడ్నీలు చెడినవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండె. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల మరణాలకు ప్రపంచమంతటా మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. రక్తనాళాలు గట్టిపడటం, గుండె కవాటాలకు (వాల్వులకు) క్యాల్షియం పట్టడం అనే రెండు మార్పులు జంటగా సాగడం ఇందులో పెద్ద భాగం.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని ఈ కొబ్బరి, జీడి తోటల సీమలో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు కిడ్నీ జబ్బుతో ఉన్నారని అధ్యయనాలు తేల్చాయి. నీరు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు చాలా ఉన్నా, అసలు కారణం నేటికీ తేలలేదు. కిడ్నీ చెడ్డాక గుండెకు ఏమవుతుందో మాత్రం వైద్యానికి బాగానే తెలుసు.

ఒకే వైద్యుడు, రెండు పరిశీలనలు

జర్మన్ వైద్యుడు యోహాన్ గేయోర్గ్ మోన్కెబెర్గ్ 1903లో కాళ్లూ చేతుల ధమనుల మధ్యపొరలో క్యాల్షియం పేరుకోవడాన్ని వివరించాడు. మరుసటి ఏడాదే బృహద్ధమని కవాటం గట్టిపడటం గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం కవాటం గట్టిపడటాన్ని వయసుతో వచ్చే అరుగుదలగానే చూశారు.

1999లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన 5,621 మందిపై వెలువడిన అధ్యయనం ఆ ధీమాను చెదరగొట్టింది. కవాటం మందమై, రక్తప్రవాహానికి ఇంకా అడ్డు రానివారిలో కూడా గుండెజబ్బు మరణాల ముప్పు సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే కవాటం మీది క్యాల్షియం ఒంట్లోని రక్తనాళాల పరిస్థితినీ చెబుతోందన్నమాట.

అలాగని రెండూ అచ్చంగా ఒకే జబ్బు కావు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు గుండెపోటును తగ్గిస్తాయి గానీ, కవాటం బిగుసుకుపోవడాన్ని ఆపలేవని 2005, 2008లలో వచ్చిన పరీక్షల ఫలితాలు చూపాయి. ధమని లోపలి పొరలో కొవ్వుతో మొదలయ్యే పూడిక వేరు, మధ్యపొరలో పేరుకునే క్యాల్షియం వేరు. కిడ్నీ రోగిలో ఈ రెండూ కలిసి వస్తాయి.

ఫాస్ఫరస్ చేసే పని

బోరు నీళ్లు కాచిన కాగుకు సున్నం పట్టినట్టే రక్తనాళాలకూ పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇందులో మన కణాల పాత్రే ఎక్కువ. కిడ్నీలు పనిచేయకపోతే ఫాస్ఫరస్ బయటికి పోదు. రక్తంలో అది పెరిగేకొద్దీ ధమని గోడలోని కండర కణాలు తమ పని మాని, ఎముక కణాల్లా మారి క్యాల్షియాన్ని పోగేస్తాయి. కవాటంలోని కణాలదీ దాదాపు అదే దారి. ఈ పేరుకోవడాన్ని అడ్డుకునే ప్రొటీన్లు కూడా కిడ్నీ రోగిలో బలహీనపడతాయి.

వయసు ముదిరితేనే ఇలా అవుతుందనుకోకూడదు. 2000లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, డయాలసిస్ మీద ఉన్న 20–30 ఏళ్లవాళ్లు 16 మందిని స్కాన్ చేస్తే, 14 మందికి గుండె ధమనుల్లో క్యాల్షియం కనిపించింది. పని చేసుకునే వయసులోనే కిడ్నీలు పాడయ్యే ఉద్దానానికి ఈ లెక్క గట్టి హెచ్చరిక.

ధమనులు బిగుసుకుంటే పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ తగ్గుతుంది. దానికి తోడు కవాటం ఇరుకైతే గుండె రెండు అడ్డంకులను నెట్టుకుంటూ రక్తం పంపాలి. గుండె కండరం మందమవుతుంది. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వస్తాయి. డయాలసిస్ రోగికి ఆయాసం వస్తే ‘ఒంట్లో నీరు చేరింది’ అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది.

జీడిపప్పు ఊళ్లో జీడిపప్పుకు దూరం

ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువున్న జీడిపప్పును, పొటాషియం నిండిన కొబ్బరి నీళ్లను డయాలసిస్ రోగి బాగా తగ్గించుకోవాలి. ఆ రెండే బతుకుతెరువైన సీమలో ఇది మాటలు కాదు. అయితే పప్పుగింజల ఫాస్ఫరస్ కొంతే ఒంటికి పడుతుంది. కోలా పానీయాలు, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేటు చాలావరకు ఒంట్లో చేరిపోతుంది. ముందు మానాల్సినవి అవే. ఫాస్ఫరస్‌ను పట్టేసే మాత్రలు అన్నంతో పాటు వేసుకుంటేనే పనిచేస్తాయి. వాటిలో క్యాల్షియం ఉన్న రకాలను పరిమితం చేయాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కాబట్టి ఒళ్లు నొప్పులకని సొంతంగా క్యాల్షియం బిళ్లలు కొనుక్కోకూడదు.

ఖర్చు తక్కువ, కబురు ఎక్కువ

అవే మార్గదర్శకాలు మరో మాటా చెప్పాయి. క్యాల్షియం జాడ కోసం ఖరీదైన సీటీ స్కానే అక్కర్లేదు. ధమనులకు పొట్టను పక్కనుంచి తీసిన ఎక్స్‌రే, కవాటాలకు ఎకో పరీక్ష చాలు. జాడ దొరికినవారిని గుండె ముప్పు అత్యధికంగా ఉన్నవారిగా చూడాలి.

పలాసలో 2023 డిసెంబర్ 14న 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం కూడా ఆరోజే మొదలైంది. కొత్తవాళ్లు జబ్బున పడకుండా కాపాడాలన్నది నీటి పథకం ఆశయం. ఇప్పటికే జబ్బున పడ్డవారి గుండెను కాపాడాలంటే డయాలసిస్ కేంద్రాల్లో క్రమం తప్పక ఫాస్ఫరస్ పరీక్ష, ఏటా ఒకసారి ఎకో ఉండాలి. షుగరు, బీపీల వల్ల కిడ్నీలు చెడిన రోగులకూ ఇది వర్తిస్తుంది.

డయాలసిస్‌కు వెళ్లే ప్రతి ఒక్కరూ క్రియాటినిన్ ఎంతో తెలుసుకున్నట్టే ఈ రెండు ప్రశ్నలూ అడగండి: నా ఫాస్ఫరస్ ఎంత? నా వాల్వులకు క్యాల్షియం పట్టిందా?