పెరటి మొక్క – తరగని సదఖా

ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నదంతా అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. రంజాన్‌లో మీరిచ్చే రేషన్ కిట్ ఒక కుటుంబానికి ఆ నెల గడుపుతుంది. మిగతా పదకొండు నెలల మాటేమిటి? ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకునే కూర మొక్కలను పంచాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి తీతకు, మిరప కోతకు, కాయల తొడిమలు తీయడానికి వెళ్లే మన అక్కచెల్లెళ్లు ఇందుకు మినహాయింపు కాదు. పూర్వం ఇంటికి వస్తూ గట్ల మీద ఆకుకూర కోసుకొచ్చేవారు. ఇప్పుడు పత్తికి, మిరపకు కొట్టే మందు ఆ గట్ల మీదా పడుతోంది. కాబట్టి కూర ఇంటి గుమ్మంలోనే పెరగాలి.

మేం ఎంచుకున్నవి నాలుగు. మునగ అందరికీ తెలిసినదే. కాయల కోసం పెంచుతాం గానీ, ఆకును పప్పులో వేసుకోవడం తగ్గిపోయింది. అవిశ తమలపాకు తోటల్లో తీగకు ఆధారంగా వేసే చెట్టు. ఆకు, పువ్వు రెండూ కూరకు పనికొస్తాయి. చెట్ల నీడలోనూ పెరిగేది చెక్కుర్మాని. నీరు తక్కువైన ప్రకాశం మెట్టకు నల్లేరు తగినది. లేత కణుపులను చేతికి నూనె రాసుకుని ఒలిచి, వేయించి, చింతపండుతో పచ్చడి చేస్తే దురద ఉండదు.

ఒక హెచ్చరిక. చెక్కుర్మానిని పచ్చిగా, రసంగా తాగకూడదు. 1990ల మధ్యలో తైవాన్‌లో బరువు తగ్గాలని ఆ పచ్చి రసం తాగినవారిలో చాలామందికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఉడికించి, అప్పుడప్పుడు కొద్దిగా వండుకోవాలి. ఏ ఆకుకూర తిన్నా నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికి డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకూడదు.

మా తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది పంచిన మునగ కొమ్మల్లో చాలా వరకు వానాకాలంలో కుళ్లిపోయాయి. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది, మునగ వేరు దాన్ని ఓర్చుకోదు. ఇప్పుడు మోకాలెత్తు మట్టి దిబ్బ పోసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటిస్తున్నాం. వేసవిలో నీటి కోసం మసీదులో వుజూ నీటిని కాలువలోకి పోనీయకుండా మొక్కలకు మళ్లించాం. అందులో సబ్బు ఉండదు కనుక చెట్టుకు హాని లేదు.

ఖర్చు విషయం. జకాత్ పేదవారి హక్కు, వారి చేతికే అందాలి. అందుకే మసీదు ఆవరణలో, ఈద్గా గోడ వెంట వేసే ఉమ్మడి మొక్కలకు జకాత్ సొమ్ము ముట్టుకోము; సదఖా నుంచే ఖర్చు పెడతాం. నిజానికి ఖర్చు కూడా కొంచెమే. మునగ, నల్లేరు, చెక్కుర్మాని కొమ్మ గుచ్చితే వస్తాయి. అవిశకు గింజ చాలు. మొక్క అందుకున్న ఇల్లు, అది ఏపుగా ఎదిగాక, మరో రెండిళ్లకు కొమ్మలో గింజలో ఇవ్వాలన్నదే మా షరతు. పొరుగువారు ఏ మతస్థులైనా సరే. ఆషాఢంలో మునగాకు వండే ఇల్లు పక్కనే ఉంటే ఆ కొమ్మకు అంతకన్నా మంచి చోటు ఏముంది?

మీ పెరట్లో ముదురు మునగ గానీ, నల్లేరు గానీ ఉంటే తొలకరికి ముందు మాకు కబురు చేయండి. డబ్బుతో పాటు మీరిచ్చే ఆ కొమ్మ కూడా విరాళమే. మీ సదఖాను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.