మొదటి జీతం, మూడు పూటల తిండి: బెంగళూరుకు పోయే మన పిల్లలకు ఒక లెక్క

డిగ్రీ ఫలితాలు వచ్చిన నెలా రెండు నెలలకు మంగళవాడలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏదో ఒక ఇంట్లో బ్యాగు సర్దడం మామూలే. పావగడ బస్టాండు నుంచి తుమకూరుకో బెంగళూరుకో ప్రయాణం. అక్కడ రూము అద్దె, అడ్వాన్సు, బస్సు ఛార్జీ మన చేతిలో ఉండేవి కావు. చదువుకు అప్పు తీసుకున్న ఇళ్లలో ఇంకో గడువు కూడా ఉంటుంది. బ్యాంకుల మామూలు పద్ధతి ప్రకారం చదువు ముగిసిన ఏడాదికి కంతులు మొదలవుతాయి. కాబట్టి పిల్లలు తగ్గించగలిగేది తిండి ఖర్చు ఒక్కటే.

దాన్ని రెండు రకాలుగా తగ్గించవచ్చు. ఒకటి పూట మానేయడం. రెండోది అదే తిండిని తక్కువ ఖర్చులో తినడం. మొదటిది సులభం కనుక చాలామంది అదే చేస్తారు. పొద్దున టీ, బిస్కట్టు. మధ్యాహ్నం ఏదో ఒకటి. రాత్రి అమ్మ ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అని ఒక మాట. ఈ వ్యాసం రెండో దారి గురించి. మన ఇళ్లలో పెద్దలు, పిల్లలు కలిసి చదివితే మేలు.

డబ్బు ఎక్కడ పోతోంది?

ఫోన్లో ఒక పూట భోజనం ఆర్డరు చేస్తే వంటకం ధర ఒక్కటే కాదు. ప్యాకింగు, తెచ్చి ఇచ్చినందుకు ఛార్జీ, ప్లాట్‌ఫాం ఫీజు, 5 శాతం జీఎస్టీ కూడా కలుస్తాయి. అన్నీ కలిపి 180 రూపాయలు అనుకుందాం. రోజుకు ఒక పూట అలా తింటే నెలకు 5,400. దాన్ని నెలకు తొమ్మిది పూటలకు తగ్గిస్తే 1,620. మిగతా 21 పూటలు రూములో వండుకుంటే పూటకు 40 చొప్పున 840. అంటే నెలకు దాదాపు 2,940 రూపాయలు చేతిలో మిగులుతాయి, ఒక్క పూట కూడా పస్తు లేకుండా. మీ పిల్లల అంకెలు వేరుగా ఉండవచ్చు. ఒక నెల రాసి చూసుకుంటే తెలుస్తుంది. రాసేటప్పుడు టీ, సిగరెట్టు, చిరుతిండి కూడా వదలకూడదు.

ఇంటి నుంచి ఏమి తీసుకుపోవాలి?

ఊరగాయ, కారం పొడి అందరూ కట్టిస్తారు. అవి నాలుకకు రుచి ఇస్తాయి గానీ కడుపు నింపవు. కడుపు నింపేవి రాగులు, చెనక్కాయలు, కందిబేడలు, ఉలవలు. ఇవి మన పావగడ నేలలో పండేవే.

రాగుల లెక్క చూడండి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. కిలో 49 లోపు. ఒక పెద్ద ముద్దకు 100 గ్రాముల పిండి చాలు. ముద్దకు పిండి ఖర్చు 5 రూపాయలు, మిల్లు కూలి కలిపినా 6 దాటదు. చెనక్కాయలకు అదే ఏడాది మద్దతు ధర 7,263. కాయ ఒలిస్తే నూటికి 70 పాళ్లు గింజ వస్తుందనుకుంటే కిలో గింజలు 104 రూపాయలు పడతాయి. రోజుకు గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 3 రూపాయల పైచిలుకు.

ఒకరికి నెలకు నాలుగున్నర కిలోల రాగిపిండి, అంతే బియ్యం, రెండు కిలోలలోపు కందిబేడలు, ఒక కిలో చెనక్కాయ గింజలు చాలు. పిండి నెలకు సరిపడా మాత్రమే పట్టించండి. మూడు నెలలకు ఒకేసారి పంపితే పురుగు పడుతుంది. బూజు పట్టిన గింజలు, చేదుగా ఉన్న గింజలు వేయించి కూడా తినకూడదు. వాటిలో కాలేయాన్ని చెడగొట్టే విషం ఉంటుంది.

రూములో పొయ్యి ఉంటే, లేకపోతే

నలుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటే వంట సులభం. గ్యాసు కనెక్షను లేనివాళ్లు 5 కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు. దానికి చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. రాత్రి ఒక్కసారి వండితే రెండు పూటలు గడుస్తాయి. రాత్రి సంగటి, పప్పు. మిగిలిన పప్పు మరునాడు పొద్దున అన్నంలోకి. ఉలవలు పొద్దున నానబెట్టి పోతే రాత్రికి ఉడుకుతాయి. ఆ కట్టుతో చారు, గింజలతో తాలింపు, రెండూ అవుతాయి.

చాలా పీజీలలో వంట చేయనివ్వరు. అక్కడ భోజనం అద్దెలోనే కలిసి ఉంటే దాన్ని వదులుకుని బయట తినడం రెండుసార్లు డబ్బు కట్టడమే. చేరేముందే నాలుగు రోజులు అక్కడి తిండి తిని చూడాలి. పీజీ తిండిలో పప్పు పలుచగా ఉంటే దానికి తోడు చెనక్కాయ పొడి, పెరుగు, ఉడికిన గుడ్డు, అరటిపండు మన వంతు. పొద్దున బొరుగులు, వేయించిన చెనక్కాయలు, ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుంటే పొయ్యి లేకుండానే టిఫను అవుతుంది.

కూరగాయలు రోజూ కాకుండా వారానికి ఒకసారి కొనాలి. హాప్‌కామ్స్ అంగళ్లలో ధర పలక ఉంటుంది. పెద్ద మొత్తంలో అయితే నలుగురు కలిసి కలాసిపాళ్యం, కె.ఆర్. మార్కెట్టుకు పోవచ్చు. కన్నడ, తెలుగు రెండూ వచ్చిన మన పిల్లలకు బేరం ఆడటానికి అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

తక్కువ ధర భోజనానికి సిగ్గెందుకు?

బెంగళూరులో ఇందిరా క్యాంటీన్లు 2017 ఆగస్టు 16న మొదలయ్యాయి. టిఫను 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు అని పెట్టారు. హిందూపురం, అనంతపురం వైపు ఉద్యోగం దొరికిన పిల్లలకు ఆంధ్రలో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, పూటకు 5 రూపాయలు. డిగ్రీ చదివి అక్కడ వరుసలో నిలబడటం చిన్నతనం అనుకునే పిల్లలకు పెద్దలు ఒక మాట చెప్పాలి. మన తాతల కాలంలో చదువుకునే పిల్లలు వారాలు చెప్పుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకొక ఇంట్లో తిని పరీక్షలు రాసేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లలను పెంచారు. ఆ పిల్లవాడే తరువాత ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మన జిల్లాలోనే సిద్ధగంగా మఠంలో వేల మంది పిల్లలు ఉచితంగా తిని చదువుకుంటున్నారు. అక్కడ తిన్నందుకు ఎవరినీ ఎవరూ తక్కువగా చూడలేదు.

ఉద్యోగం దొరకని నెలలు

అసలు కష్టం ఈ నెలల్లోనే. కర్ణాటక ప్రభుత్వ యువనిధి పథకం 2024 జనవరిలో మొదలైంది. 2022-23లోనూ ఆ తరువాతా డిగ్రీ పాసై, 180 రోజులైనా ఉద్యోగం రానివారికి నెలకు 3,000 రూపాయలు, డిప్లొమా వారికి 1,500 ఇస్తారు. రెండేళ్ల వరకే, ఉద్యోగం వస్తే ఆగిపోతుంది. పై చదువుకు చేరినవారికి రాదు. సేవాసింధు ద్వారా అర్జీ పెట్టాలి. ఉద్యోగం లేదని ఎప్పటికప్పుడు స్వయంగా తెలియజేస్తూ ఉండాలి. ఇది కర్ణాటక స్థానికులకే. చదువు కోసం సరిహద్దు దాటి ఆంధ్రలో చేరిన పిల్లలు ఇక్కడ బడిలో చదివిన సర్టిఫికెట్లు భద్రంగా పెట్టుకోవాలి.

రేషను సంగతి. ఒకే దేశం ఒకే రేషను కార్డు పద్ధతిలో, కార్డులో పేరు, ఆధారు సరిగా కలిసి ఉంటే పిల్లవాడు బెంగళూరులోని ఏ రేషను అంగడిలోనైనా తన వంతు తీసుకోవచ్చు. ఇంట్లో మిగిలినవారి వంతు ఊళ్లోనే తీసుకోవచ్చు. కేంద్రం వంతు మనిషికి 5 కిలోలు, ఉచితం. పోయేముందు ఊరి రేషను అంగడిలో ఈ-కేవైసీ అయిందా అని ఒకసారి చూపించుకోండి. అయితే కర్ణాటకలో బీపీఎల్ కార్డుకు ఇంటి ఆదాయ పరిమితి ఏడాదికి 1.20 లక్షలు. పిల్లవాడి జీతం కలిపి అది దాటితే ఆ కార్డు వేరే పేద ఇంటికి చేరవలసినదే. దాచిపెట్టకూడదు.

ఏది తగ్గించకూడదు?

ఐసీఎంఆర్ 2020 సిఫారసుల ప్రకారం 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల ఆడపిల్లకు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అది ఖరీదైన తిండితోనే వస్తుందనేది అపోహ. రోజుకు 150 గ్రాముల రాగిపిండి, 150 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిబేడలు, 30 గ్రాముల చెనక్కాయలు, పావు లీటరు పాలు లేదా పెరుగు తింటే దాదాపు 51 గ్రాములు అవుతుంది. ఒక గుడ్డు కలిపితే 57. బేడలు, పాలు, గుడ్డు మానేసి వట్టి అన్నం, ఊరగాయతో గడిపితే కడుపు నిండినట్టే ఉంటుంది, బలం ఉండదు. ఆదా కావాలంటే ఆర్డర్లు తగ్గించాలి, బేడలు కాదు. ఆడపిల్లలకు రక్తహీనత భయం ఎక్కువ కనుక ఆకుకూర, నిమ్మకాయ కూడా మానకూడదు.

పెద్దలకు ఒక మనవి. ఫోన్లో "తిన్నావా?" అని అడిగితే "తిన్నా" అనే జవాబే వస్తుంది. "ఏమి తిన్నావు, ఎవరు వండారు?" అని అడగండి. నెలాఖరున ఇంటికి ఎంత పంపాడని మాత్రమే కాకుండా, తిండికి ఎంత ఉంచుకున్నాడని కూడా అడగండి. బేడలు, రాగిపిండి పంపడానికి ఆ నెలలో బెంగళూరు పోయే మన ఊరివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. పావగడ చుట్టుపక్కల ఉన్నవాళ్లు యువనిధి అర్జీ, రేషను కార్డు సవరణ కాగితాలు తెచ్చుకుంటే మా సంఘంలో కూర్చుని సరిచూసి పెడతాం.