ఇంట్లో మైక్రోస్కోపు: వాడే తీరు, కాపాడే తీరు



మొన్న సెలవుల్లో మన సంఘ కుటుంబాల్లోని ఒకాయన, ఎనిమిదో తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. చేతిలో ఒక డబ్బా ఉంది. "సిస్టరమ్మ గారూ, పాప సైన్సు బాగా చదువుతోందని మైక్రోస్కోపు కొన్నాను. ఎంత చూసినా చీకటి తప్ప ఏమీ కనబడటం లేదు. పాడైంది అంటగట్టారేమో, ఒకసారి మీ లాబ్‌వాళ్లకు చూపిస్తారా?" అన్నారు.

మా లాబ్ టెక్నీషియన్ విప్పి చూశారు. పరికరానికి ఏమీ కాలేదు. కింది అద్దం గోడ వైపు తిరిగి ఉంది. అన్నిటికంటే పెద్దగా చూపించే లెన్సును మొదటే తిప్పిపెట్టారు. కన్ను పెట్టే లెన్సు మీద వేలిముద్ర కూడా ఉంది. ఈ మూడూ సరిచేసి ఉల్లిపొర పెట్టేసరికి ఆ పాప ముఖం వెలిగిపోయింది. "గోడకి ఇటుకలు పేర్చినట్టు ఉన్నాయి, ఆంటీ!" అంది.

పిల్లలకు మైక్రోస్కోపు కొన్నవారికి, కొనబోయేవారికి ఉపయోగపడుతుందని ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ముందు కొంచెం పరిచయం

మైక్రోస్కోపులో రెండు చోట్ల లెన్సులు ఉంటాయి. కన్ను పెట్టేది ఐపీస్. స్లైడు మీదకు వంగి ఉండేవి ఆబ్జెక్టివ్‌లు. పిల్లలు వాడే వాటిలో ఇవి ఎక్కువగా 4, 10, 40 అనే అంకెలతో మూడు ఉంటాయి. ఐపీస్ మీద 10 అని ఉంటే రెండు అంకెలనూ గుణించాలి. 10ని 4తో గుణిస్తే 40 రెట్లు, 40తో గుణిస్తే 400 రెట్లు పెద్దగా కనిపిస్తుందన్నమాట.

కొన్ని డబ్బాల మీద 1200 రెట్లు, 1600 రెట్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మోసపోవద్దు. లెన్సు మంచిది కాకపోతే బొమ్మ పెద్దదవుతుందే గాని స్పష్టంగా ఉండదు. పిల్లల చదువుకు స్పష్టమైన 400 రెట్లు చాలు.

వాడే పద్ధతి

1. ఒక చేత్తో మెడను, ఇంకో చేత్తో అడుగు పీటను పట్టుకుని, కదలని బల్ల మీద పెట్టండి.

2. అద్దాన్ని కిటికీ వెలుతురు వైపో, ట్యూబులైటు వైపో తిప్పండి. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు. ఆ వెలుగు నేరుగా కంటిలో పడి చూపు దెబ్బతింటుంది. ఈ మాట పిల్లలకు రెండుసార్లు చెప్పండి.

3. ఎప్పుడూ 4 అంకె లెన్సుతోనే మొదలుపెట్టాలి. స్లైడు పెట్టాక, పక్కనుంచి చూస్తూ పెద్ద మర తిప్పి లెన్సును స్లైడుకు దగ్గర చేయండి. తర్వాత ఐపీస్‌లో చూస్తూ దాన్ని మెల్లగా దూరం జరపండి. బొమ్మ తేటగా వచ్చినచోట ఆపండి.

4. ఆ తర్వాత 10కి, ఆపైన 40కి వెళ్లండి. 40 లెన్సు స్లైడుకు దాదాపు ఆనుకుని ఉంటుంది. అప్పుడు చిన్న మర మాత్రమే తిప్పాలి. పెద్ద మర తిప్పితే స్లైడు పగిలి లెన్సు గీసుకుపోతుంది.

5. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. అది లోపం కాదు, బొమ్మ తలకిందులుగా కనిపించడమే అందుకు కారణం.

మొదట ఉల్లిపొర చూడటం తేలిక. ఉల్లిరేకు లోపలివైపు ఉండే పలచటి పొర తీసి, స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చితే గాలి బుడగలు రావు.

ఇంట్లో రక్తం, కళ్లె, మలమూత్రాలు మాత్రం చూడవద్దు. వేలికి సూది గుచ్చుకోవద్దు. ఆ పని లాబ్‌కు వదిలేయండి. పగిలిన స్లైడును చేత్తో ఎత్తకూడదు.

మచ్చ ఎక్కడుంది?

బొమ్మలో మచ్చ కనిపిస్తే వెంటనే అన్నీ తుడిచేయకండి. ఐపీస్‌ను వేళ్లతో తిప్పండి. మచ్చ కూడా తిరిగితే అది ఐపీస్ మీద ఉన్నట్టు. స్లైడును జరిపినప్పుడు మచ్చ కదిలితే స్లైడు మీద ఉన్నట్టు. రెండూ కాకపోతే ఆబ్జెక్టివ్ సంగతి చూడాలి.

తుడిచేముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము పోగొట్టండి. ఆ తర్వాత లెన్సు కాగితంతో, అది లేకపోతే ఉతికిన మెత్తటి నూలు గుడ్డతో మెల్లగా తుడవండి. చీర చెంగు, చొక్కా అంచు, దూది, ఉమ్ము వద్దు. స్పిరిట్ అసలే వద్దు.

నేను చేసిన తప్పు

స్పిరిట్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నర్సుగా చేరిన కొత్తలో నేను వేరే ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. అక్కడ లాబ్‌కు ఉన్నది ఒకటే మైక్రోస్కోపు. ఒక సాయంత్రం బల్లలు శుభ్రం చేస్తూ, లెన్సుకు నూనె అంటి ఉండటం చూసి, మంచి పనే అనుకుని గాజ్ ముక్కను స్పిరిట్‌లో ముంచి గట్టిగా రుద్దాను. మర్నాడు చూస్తే ఆ లెన్సులో అంతా మంచు కమ్మినట్టు ఉంది.

ఆరోజే నెల రోజులుగా దగ్గుతున్న ఒక పెద్దాయన కళ్లె పరీక్షకు వచ్చారు. స్లైడును పక్క ఊరికి పంపాల్సి వచ్చింది. రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది. క్షయ అని తేలింది. ఆ మూడు రాత్రులూ ఆయన ఇంట్లో చిన్న మనవల పక్కనే పడుకున్నారు. దేవుని దయవల్ల పిల్లలకు ఏమీ కాలేదు. కానీ ఆ మూడు రోజుల ఆలస్యం నా చేతి వల్లే జరిగింది. ఆ లెన్సును నేను ఇప్పటికీ మరచిపోలేదు.

క్షయ క్రిమి పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి నాలుగు వంతుల వరకు ఉంటుంది. 1000 రెట్లు పెద్దది చేసి, కనీసం 100 చోట్ల వెతికాక గాని లేదని రాయకూడదు. లెన్సు మసకగా ఉంటే ఆ వెతుకులాట అంతా వృథా.

వానాకాలంలో

తేమకు లెన్సు మీద బూజు పడుతుంది. బాగా పట్టుకుంటే అది గాజునే తినేస్తుంది. కాబట్టి పని అయ్యాక స్లైడు తీసి, 4 లెన్సును కిందికి తిప్పి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, గాలి ఆడే పొడి చోట పెట్టండి. పెట్టెలో ఉంచితే సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. తడిచేత్తో ముట్టుకోకండి.

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ రోజుల్లో తన చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలి ఉందని ఆయనే రాసుకున్నారు. ఆ పరికరంతోనే అంత పని చేశారంటే అది ఆయన ఓపిక. మన పిల్లలకు ఆ కష్టం లేకుండా, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవడం నేర్పుదాం.

చివరిగా ఒక మాట. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. మైక్రోస్కోపుకు అందని తక్కువ క్రిములను కూడా పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ఇప్పుడు ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. ఆలస్యం చేయకండి. మూడు రోజులు కూడా ఎక్కువే.

- నర్సింగ్ సూపరింటెండెంట్