రంగం నుంచి నడిచివచ్చినవాడు

యుద్ధకాలపు ప్రేమ, దాని జాడ వెతికే నేటి మనవరాలు—ఇంగ్లీషులో ఇలాంటి నవలలు కొల్లలు. వాటిలో ఏ పాతపెట్టెలోనో ఉత్తరాలకట్ట దొరికి తీరుతుంది. మా సిక్కోలువైపు అది దొరకదు. రంగం, అంటే రంగూన్, రేవులో బరువులు మోసిన మనవాళ్ళలో రాయగలిగినవారెందరు గనక!

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడ దొరకనివారు లక్షలాదిగా అరకాన్, మణిపురం కొండలు దాటి నడిచారు. కలరాకు దారిలోనే ఎందరో పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి.

అరసవల్లిలో నా పూర్వవిద్యార్థిని ఒకామె ఉంది. వాళ్ళ మామ్మకు అప్పటికి పెళ్ళయి ఏడాది. ఇంద్రపుష్కరిణి మెట్లమీద కూర్చుని, రంగం నుంచి వచ్చినవారినల్లా ఆరా తీసేదట. వానాకాలంలో ఒకడు గుమ్మంలో నిలబడితే బిచ్చగాడనుకుని గంజి పోసింది. అతను తాగి, "ఉప్పెక్కువేసే అలవాటు పోనేదేటే నీకింకా?" అన్నాడట. అప్పుడు గుర్తుపట్టింది.

ఈ అమ్మాయి భర్తకిప్పుడు గల్ఫులో ఉద్యోగమొచ్చింది. రోజూ ఫోనులో కనిపిస్తానుగా అంటాడతను. "ఫోనులో గంజి పొయ్యలేను కదా, మాష్టారూ!" అంటూ తన బడిఉద్యోగానికి రాజీనామా రాసి, భాష చూడమని తెచ్చింది. ఉద్యోగం వదలడం నాకు బొత్తిగా నచ్చలేదు. రెండు అక్షరదోషాలు మాత్రం దిద్ది ఇచ్చాను.